ప్రసన్నకుమారి ఒప్పుకోలేదు

బంగారుపాళ్యం తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు మామిడికాయలు తోలే డ్రైవర్లలో ఆడమనిషి ప్రసన్నకుమారి ఒక్కతే. తండ్రి జయరావు నడుం పడిపోయి లారీ మానేశాక, ఆమె బాడుగ బొలేరో ఎక్కింది. "ఆడదానికి లోడు బండేంది?" అన్నవాళ్ల కళ్ల ముందే ఇరుకు సందుల్లోకి రివర్సు కొట్టేది.

ఒక సీజన్‌లో పోలీసులు హైవే మీద డ్రైవర్ల నోట్లో పుల్ల పెట్టి, ఎంగిలి తీసి, గంజాయీ మత్తుమందులూ వాడారేమో చూడడం మొదలుపెట్టారు. ప్రసన్నకుమారి ఎంగిలిలో మత్తుమందు ఉన్నట్టు ఆ పరీక్ష చూపించింది.

"దగ్గుకు డాక్టరు రాసిచ్చిన సిరప్పు తాగినాను సార్. సీసా బండిలోనే ఉండాది, సూడండి."

"అందరూ ఇదే సెప్తారు. కోర్టులో ఒప్పుకో, జరిమానాతో పోతాది," అన్నాడు ఎస్సై.

"సెయ్యని తప్పు నేనెందుకు ఒప్పుకోవాల? రక్తం తీసి సూడండి."

ఎస్సై బండి తాళాలు ఆమెకే ఇచ్చి స్టేషనుకు తోలమన్నాడు. కానిస్టేబులు చెంగల్రాయుడు పక్కన కూర్చున్నాడు. కాయల లారీల రద్దీలోంచి స్టేషను దాకా ఆమే బండి తోలింది. ఆస్పత్రిలో తీసిన రక్తంలోనూ సిరప్పు మందే కనిపించింది. అదీ మత్తు కలిగించే మందేనని కేసు పెట్టి లైసెన్సు తీసుకున్నారు.

పని పోయింది. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు దూరం జరిగారు. చివరికి జయరావు కూడా మెత్తబడ్డాడు.

"ఒప్పేసుకోమ్మా. ఎన్నాళ్లు తిరుగుతావు?"

"ఒప్పుకుంటే బతికినన్నాళ్లూ మత్తులో బండి తోలినదాన్నే నాయనా. సచ్చినా ఒప్పుకోను."

చిత్తూరులో లాయరు అమృతవల్లి ఆమెకు ధైర్యం చెప్పింది. "ఒంట్లో మందు ఉంటే సాలదమ్మా. ఆ మందు వల్ల నువ్వు బండిని అదుపులో పెట్టలేకపోయినావని వాళ్లు రుజువు సెయ్యాల. చట్టం సెప్పేది అదే."

విచారణ రోజు అమృతవల్లి చెంగల్రాయుడిని అడిగింది. "బండిని స్టేషనుకు తోలిందెవరు?"

"ఆయమ్మేనండి."

"ఎట్ల తోలింది?"

అతను ఎస్సై వైపు చూసి తల దించుకున్నాడు. "బాగానే తోలిందండి."

ప్రసన్నకుమారి ఆగలేకపోయింది. "అయ్యా! మత్తులో ఉండానని రాసుకున్నోళ్లే నా సేతికి తాళాలెట్ల ఇచ్చినారు?"

మేజిస్ట్రేటు ఆమెను మందలించాడు. అయినా కేసు కొట్టేశాడు. అలాంటి మందులు నిద్ర తెస్తాయి, డాక్టర్ని అడగకుండా బండి ఎక్కొద్దు అని కూడా చెప్పాడు. ఆ మాట న్యాయమేననిపించి ఆమె సిరప్పు మార్పించుకుంది.

లైసెన్సు చేతికొచ్చింది. మళ్లీ కాయలు తోలుతోంది. ఆమె గెలిచిందని తెలిసి లారీ డ్రైవరు గిరిప్రసాద్ ఇంటికొచ్చాడు. అతను గంజాయి తాగి తోలుతూ పోలీసులకు దొరికినవాడు.

"ఎట్ల తప్పించుకున్నావో నాక్కూడా సెప్పక్కా."

ప్రసన్నకుమారికి ఒళ్లు మండింది. "నేను తప్పించుకోలేదురా, కొట్లాడినాను. నీ మాదిరోడు ఎదురొస్తే సచ్చేది నాలాంటోళ్లే. నీకు ఆ పుల్ల దినామూ పెట్టాల. లెయ్, బయటికి నడువు!"

అతను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.