కోసేసిన మొదళ్ళు

షౌకత్ బాబాయ్ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే మా వీధివాళ్ళు నవ్వి "ఈకలేరుకుంటాడు" అనేవాళ్ళు. మిరపతోటలూ ట్రాక్టర్లూ ఉన్నవాళ్ళకు అది పనిలా కనిపించదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఇల్లు నడిచింది దాని మీదే.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మగ నెమళ్ళు పింఛం వదిలేస్తాయి. జతకట్టే కాలం అయిపోయాక ఆ బరువు మోసుకు తిరగడం వాటికి దండగ. ఒక్కో ఈకా ఊడిపోతూ కొన్ని వారాల్లో వెనకంతా బోసిపోతుంది. అప్పుడు నెమలి అరవడం మానేసి కంది చేలల్లో నక్కి తిరుగుతుంది. తర్వాత కొత్త ఈకలు సన్నని గొట్టాల్లో చుట్టుకొని మొలుస్తాయి. ఆ గొట్టాల్లో నెత్తురుంటుంది. అందుకే పెరిగే ఈకను పీకితే మొదలు నెత్తురోడుతుంది. దానంతటదే రాలిన ఈక మొదలు మాత్రం ఎండిపోయి, తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. నరసరావుపేటలో పాత పుస్తకాల బండి మీద కొన్న పుస్తకంలో ఇదంతా చదివాను. చదివి ఏం ఉద్ధరించానో ఈ సంవత్సరం తెలిసింది.

బాబాయ్ తెల్లవారకముందే సంచి భుజాన వేసుకొని శావల్యాపురం వైపు గట్లన్నీ తిరిగేవాడు. దొరికిన ఈకలను కట్టలు కట్టి దర్గాల దగ్గరి ఫకీర్లకు అమ్మేవాడు. పిల్లల తలల మీద తిప్పి దిష్టి తీసేది ఆ కట్టలతోనే. ఈసారి నరసరావుపేట దుకాణదారు ఒకడు, మొదళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయనీ, సమానంగా కోసి రంగుదారం చుట్టి తెస్తే ఎన్నయినా తీసుకుంటాననీ చెప్పాడు. ఎన్నయినా అనే మాట ఆయన జీవితంలో మొదటిసారి విన్నాడు. అరుగు మీద కూర్చొని ఉన్నవన్నీ కత్తిరించేశాడు. ఆయన భార్య షకీలా పిన్ని ఆ ముక్కలను ఊడ్చి వీధి కాలవలో పోసింది.

ఆ వారమే ఎవరో కంది చేలో మందు కలిపిన గింజలు చల్లారు. ఒక నెమలి చచ్చింది. చల్లింది ఎవరో ఊరందరికీ తెలుసు. అతని కొడుకు మండలంలో పార్టీ నాయకుడు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఈకలు ఎవరి దగ్గరుంటాయని అటవీశాఖవాళ్ళు అడిగినప్పుడు మాత్రం అందరి నోళ్ళూ లేచాయి.

పొద్దున్నే వచ్చిన అధికారి కట్ట తిరగేసి చూశాడు.

"మొదళ్ళేయి?"

"కోశాను సార్. సమానంగా ఉండాలంటేను."

"నెత్తురు కనపడకుండానా?"

"అల్లా తోడు సార్, అన్నీ రాలినయ్యే. చేలల్లో ఏరుకున్నయ్యే."

"రాలినయ్యని చెప్పేది ఆ మొదలే గదయ్యా. దాన్నే తీసేసి కూచున్నావు. ఇంకేం చూడమంటావు నన్ను?"

ఆయన గొంతులో కోపం లేదు. లంచం కోసం పెట్టిన తిరకాసు కూడా కాదు. ఆయన చెప్పింది నిజం. తిట్టుకోవడానికైనా ఆయనలో ఒక దుర్మార్గుడు దొరకలేదు. మధ్యాహ్నానికి కోర్టుకు తీసుకెళ్తామని చెప్పి బాబాయ్‌ని ఆఫీసుకు పట్టుకుపోయారు.

పిన్నీ నేనూ కాలవలో దిగాం. వారం రోజుల బురద. పక్కింటి రాఘవమ్మ గడపలోంచి కేకేసింది.

"ఏమే షకీలా, ముక్కుపుడక గాని పడేసుకున్నావా ఏంది?"

"మొగుణ్ణి పడేసుకున్నా అత్తా. ఎతుకుతున్నా."

రాఘవమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకొని తనూ దిగింది.

గుప్పెడు ముక్కలు దొరికాయి. కడిగి చూస్తే ఒక్కదాని గొట్టంలోనూ నెత్తురు లేదు. కొంగున కట్టుకొని పిన్ని ఆఫీసుదాకా పరుగెత్తింది, వెనకే నేనూ. అధికారి వాటిని అరచేతిలో పోసుకొని ఒక్కొక్కటే చూశాడు.

"ఇయ్యి రాలినయ్యే, ఒప్పుకుంటా. కానీ ఈ కట్టలో ఈకలకు కోసినయ్యేనని ఏంది రుజువు? కావాలంటే అతికించి చూపించండి. జీపు బయల్దేరేదాకా టైమిస్తా."

బాబాయ్ వరండాలో బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఒక ముక్క తీసుకోవడం, ఈక తర్వాత ఈకకు ఆనించడం, కాదని పక్కన పెట్టడం. నీళ్ళలో నానిన ముక్కలు ఉబ్బి చీలిపోయాయి. నేను అందించబోతే "ఉండరా, కలిపేస్తావు" అని కసిరాడు. చానాసేపటికి ఒక్కటి కుదిరింది. కోత వాలు కూడా సరిగ్గా సరిపోయింది.

"సార్! చూడండి సార్, అతికింది!"

అధికారి దాన్ని వెలుతురులో పట్టుకొని చూశాడు. "ఒకటి అతికింది. మిగతావాటి సంగతేంది?"

"సార్, చేలల్లో ఇంకా రాలతానే ఉన్నయి," అన్నాను. "మొదళ్ళతో సహా నేను ఏరుకొస్తా."

"తే బాబూ. అయ్యి నువ్వు తెచ్చినయ్యవుతయి. ఈయన కట్టలోయి ఎట్టవుతయి?"

పిన్ని నా చొక్కా పట్టుకొని లాగింది. "వొద్దురా పవన్. నీ చేతిలో ఈక కనపడితే నిన్నూ జీపెక్కిస్తారు."

జీపు హారన్ కొట్టింది. కట్టను గోనెలో వేసి, కుట్టి, లక్క అంటించారు. బాబాయ్ మిగిలిన ముక్కలను గుప్పిట్లో పట్టుకొనే జీపెక్కాడు.

"ఏందది? ఇటియ్యి," అన్నాడు గార్డు.

"ఇంకా ఆనించి చూడాల్సినయ్యి సార్. కోర్టుకాడికి పొయ్యేదాకా చూసుకుంటా."

"ఈకలు సీలేశాం గదయ్యా. దేనికి ఆనిస్తావు?"

బాబాయ్ గోనె వంక చూశాడు. గుప్పిట మాత్రం విప్పలేదు.