టిష్యూ ప్యాకెట్

సింగపూర్‌లో ఎండాకాలం, చలికాలం అని వేరుగా ఉండవు. తేడా అంతా గాలిదే. ఏడాది మధ్య నెలల్లో కొన్ని ఉదయాలు సుమత్రా వైపు నుంచి గాలివాన విరుచుకుపడుతుంది. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, షిప్‌యార్డులో నా కింద పనిచేసే ఐదుగురిని గుట్టల మధ్య ఉన్న చెరువుకు పడవ షికారుకు తీసుకెళ్లాను.

వాళ్లలో ఒకడిది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. పర్మిట్ ముగిసి గురువారం ఇంటికి వెళ్లిపోతున్నాడు. నాన్న రంగురంగుల పడవ నడిపే వీడియో కావాలని కూతురు అడిగిందట. బూన్ లే స్టాండులో బస్సెక్కినప్పటి నుంచీ వాడిది అదే మాట.

ఒడ్డున చెట్టు కింద ఒక్క బల్లే ఖాళీగా ఉంది. ఇక్కడ తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే చాలు, ఆ చోటు మనదే. చోప్ చేయడం అంటారు.

"టిష్యూ ఎవడన్నా తెచ్చాడా?" అన్నాను.

"లేదన్నా."

శ్రీకాకుళం వాడి భుజం తట్టాను. "అయితే వీణ్ణి పెట్టండి. వీడే మన టిష్యూ ప్యాకెట్."

అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు.

"నా వంతెప్పుడన్నా?"

"మేమొచ్చాక. అప్పటిదాకా లేచావంటే చూడు."

వాడు పడమటి వైపు చూశాడు. "గాలి మారిపోనాదన్నా. ముందు నానొక సుట్టు తిరిగొచ్చేస్తాను."

"ఏందిరా, వాతావరణశాఖ నీదా?" అన్నాను. మళ్లీ నవ్వులు.

నిజానికి వాడు తెడ్డు పట్టుకుంటే, నాకు పడవ నడపడం రాదని అందరికీ తెలిసిపోతుంది. నా భయం అంతే. అందుకే వాణ్ణి కూర్చోబెట్టాను.

మేం పడవలెక్కిన అరగంటకే ఆకాశం నల్లబడింది. పిడుగుల హెచ్చరిక దీపం వెలిగింది. పడవలన్నిటినీ వెనక్కి పిలిచారు. మేం పడవల షెడ్డులోకి పరుగెత్తాం. వాన అడ్డంగా కొడుతోంది.

"అన్నా, వాడు చెట్టు కిందే ఉన్నాడు. పిలుద్దామా?" అన్నాడొకడు.

పిడుగులప్పుడు చెట్టు కింద నిలబడొద్దని యార్డులో మీటింగు పెట్టి వీళ్లకు చెప్పింది నేనే.

"టిష్యూ తడిస్తే ఏం పోద్దిరా!" అన్నాను.

ఈసారి ఇద్దరే నవ్వారు.

వాన తగ్గాక వెళ్లాం. వాడు బల్ల మీద వంగి కూర్చుని ఉన్నాడు. మేం మధ్యాహ్నానికి తెచ్చుకున్న బిర్యానీ పొట్లాల మీద చొక్కా విప్పి కప్పాడు. ఒళ్లంతా వణుకుతోంది.

"సోటు పోనేదన్నా," అన్నాడు. తర్వాత నీళ్ల వైపు చూసి, "ఇప్పుడు నా వంతేనా?"

పడవలు ఆ రోజుకు మూసేశారు.

"వచ్చే ఆదివారం చూద్దాంలే," అన్నాను. గురువారం సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు.

షెడ్డులో కట్టేసి ఉన్న పడవలో కూర్చోమని, వీడియో తీస్తానని ఒకడు అన్నాడు.

"ఒద్దన్నా. నేల మీద పడవలో కూకుంటే మా పిల్ల నవ్వుతాది."

అన్నం తిన్నాం. పొట్లాలు పొడిగానే ఉన్నాయి. వాడు తినలేదు.

వాడి నంబరు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. క్షమించమని రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పంపకుండా చెరిపేశాను. ఆ పిల్లకు ఏమని చెప్పాడో నేను అడగలేదు.