గడప ముందు ఆగిన మిల్లింగ్ మెషిన్

2001 జూన్ నాటికి నేను బాలానగర్‌లోని ఒక కార్ఖానా టూల్ రూమ్‌లో సీనియర్ ఇన్‌స్పెక్టర్ని. కొత్త యంత్రం వస్తే కొలిచి చూసి, పనికొస్తుందనో తిప్పి పంపమనో సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఆ సంతకం వెనక ఇరవై రెండేళ్ళ అనుభవం ఉండేది, అంతకు మించిన అహంకారమూ ఉండేది. ఆ రెండూ మా బావగారి వరండాలో ఎలా బోర్లాపడ్డాయో చెబుతాను.

బావగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అమీర్‌పేటలో ఒక సందులో సొంత ఇల్లు. జీవితమంతా సుద్దముక్క తప్ప వేరే పనిముట్టు పట్టని ఆ మనిషికి, వీధి గదిలో చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలని కోరిక పుట్టింది. అందులోకి మిల్లింగ్ మెషిన్ కావాలన్నారు. ఇనుప ముక్కను బల్లకు బిగించి, తిరిగే కట్టరు కిందికి నడిపి గాడులు కోసే యంత్రమది. చిక్కల్లా ఏమిటంటే, అదే గది అద్దెకు కావాలని జావా నేర్పే కోచింగ్ సెంటర్ వాళ్ళు మూడు వారాలుగా తిరుగుతున్నారు. అక్క ఒక షరతు పెట్టింది. శుక్రవారం చీకటి పడేలోగా యంత్రం గదిలోకి రావాలి, ద్వారబంధం జోలికి పోకూడదు. లేదంటే గది జావాకే.

ఇంకెవరైనా అయితే వెళ్ళి చూసి కొనుక్కొచ్చేవారు. నేను కార్ఖానా పద్ధతి పెట్టాను. నలభై అంశాల స్పెసిఫికేషన్ రాసి, పోల్చి చూసే పట్టిక గీసి, ‘యూజర్ డిపార్ట్‌మెంట్’ అన్న చోట బావగారి చేత సంతకం చేయించాను. ఆయన మురిసిపోయి కింద తేదీ కూడా వేశారు.

అఫ్జల్‌గంజ్ దగ్గర పాత యంత్రాలమ్మే యాదగిరి షెడ్డులో రెండు మా వడపోతకు నిలిచాయి. ఒకటి బల్ల మీద పెట్టుకునే చిన్నది, ఇద్దరు మోయగలిగేది. రెండోది నిలువెత్తు పోత ఇనుము, టన్నుకు కాస్త తక్కువ. కట్టరును తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, ఎంత వంకరగా తిరుగుతోందో చూపించే డయల్ గేజ్ పెట్టి రెండింటినీ పరీక్షించాను. పెద్దదాని దగ్గర సూది కదల్లేదు. చిన్నదాని హ్యాండిల్ మాత్రం కొంత తిరిగాక గానీ బల్ల కదలడం లేదు. ఈ వదులును మేం బ్యాక్‌లాష్ అంటాం, ఆ మాట అనేటప్పుడు మొహం చిట్లిస్తాం.

“పెద్దది అమ్మితే నాకే ఫాయిదా సార్. గని ఇంట్ల పెట్టేతందుకు గీ చిన్నది సాలు. ముందుగాల దీంతోని ఏం జేస్తరో జర చెప్పున్రి” అన్నాడు యాదగిరి.

అమ్మేవాడు ప్రశ్నలడగడం పద్ధతి కాదని నాకు ఒళ్ళు మండింది. బావగారు ఏదో చెప్పబోతే చేయెత్తి ఆపి, పెద్దదానికి ఆమోదం రాసేశాను.

శుక్రవారం ఉదయం యంత్రం డీసీఎం బండిలో బయల్దేరి, పంజాగుట్ట చౌరస్తాలో గంటసేపు ఇరుక్కుని, పదకొండింటికి ఇల్లు చేరింది. తలుపు వెడల్పు అంతకు ముందే మూడుసార్లు కొలిచాను. బల్లా హ్యాండిళ్ళూ విప్పేస్తే రెండు పక్కలా రెండేసి వేళ్ళ సందు మిగులుతుంది. యాదగిరి మనుషులు దాన్ని వరండాలోకి దించి, ఇనుప పైపుల మీద దొర్లించుకుంటూ వచ్చి, గడప ముందు ఆగిపోయారు.

అరజానెడు ఎత్తు గడప. శుక్రవారం కదా, అక్క పొద్దున్నే పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. మా కార్ఖానాలో గడపలుండవు. నలభై అంశాల్లో ఆ ఊసే లేదు. మీద ఇనుప పలక వేసి ఎక్కించేయమన్నాను. యాదగిరి చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. “లచ్చిమి ఉంటది సార్. గడప మీదికెళ్ళి గంత ఇనుము మేమైతే ఎక్కియ్యం.” లోపలి వైపు నిలబడిన అక్క కొంగు నడుముకు దోపి ద్వారానికి అడ్డంగా వచ్చింది.

మధ్యాహ్నం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో క్లాసులు వదిలారు. అమీర్‌పేటలో ఏ కొత్త వస్తువు కనిపించినా అది కొత్త కోర్సే. డెమో క్లాసు ఎప్పుడని ఒకతను, సర్టిఫికెట్ ఇస్తారా అని ఇంకొకతను, దీనికి అమెరికాలో డిమాండుందా అని మూడో అతను అడిగారు. నేను మంచినీళ్ళు తాగి వచ్చేలోగా యంత్రం నుదుటి మీద ఎవరో కోచింగ్ పోస్టరు అంటించారు. బావగారు అలవాటు కొద్దీ నలుగురి పేర్లు రాసుకున్నారు.

చివరికి అక్కే అడిగింది. “ఇంతకీ దీంతో ఏం చేద్దామనండీ?”

బావగారు తల వంచుకున్నారు. “నీ గ్రైండరు కోసమే సుశీలా. రెండు నెలలుగా రాయి తిరగట్లేదంటున్నావుగా. దాన్ని తిప్పే షాఫ్టుకి గాడి అరిగిపోయింది, కొత్తది కోద్దామని.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క గాడి! ఆకురాయితో గంట పని. సంచీలోంచి ఆకురాయి తీసి ఎలా పట్టుకోవాలో చూపించాను. బావగారే కూర్చుని, చెమటలు కక్కుతూ, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా అరగదీశారు. గాడి కొంచెం వంకరగా వచ్చింది. నేను గేజ్ బయటికి తీయలేదు. నాలుగున్నరకు గ్రైండరు తిరిగింది, అక్క పప్పు నానబోసింది.

గది మాత్రం పోయినట్టేనని బావగారు మెట్ల మీద కూలబడ్డారు. ఆయన మొహం చూడలేక నేను సందు వైపు తిరిగాను. యాదగిరి బండి దగ్గరికెళ్ళి టార్పాలిన్ ఎత్తాడు.

“గిట్లయితదని నాకెరుకే సార్. చిన్నది సుత ఏసుకొచ్చిన.”

ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తుకుని, కుంకుమ బొట్టు చెదరకుండా గడప దాటారు. పెద్దది తిరిగి బండెక్కింది. ఇంకా వెలుతురుంది. యంత్రం రావాలన్నదే గానీ ఏ యంత్రమో అక్క చెప్పలేదు. జావా వాళ్ళు పక్క సందు చూసుకున్నారు.

యంత్రాన్ని ఎంచుకోవడం దాని పని దగ్గర మొదలవుతుంది, డయల్ గేజ్ దగ్గర కాదు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి స్పెసిఫికేషన్‌లోనూ మొదటి అంశం, దీంతో ఏం చేస్తారు అన్నది. రెండోది గడప ఎత్తు. మా మేనేజరు ఆ రెండోదాన్ని ఎర్రసిరాతో కొట్టేసేవారు. రిటైరయ్యేదాకా రాస్తూనే వచ్చాను.