బడే బాబూ కూర్చున్న చోటు

కోవిడ్ వెళ్ళిపోయిన తరువాతి వేసవిలో నన్ను యమున ఒడ్డున ఉన్న ఒక వరద నియంత్రణ డివిజన్‌కు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వేశారు. నాది మెకానికల్ విభాగం. సర్వీసులో అదే చివరి పోస్టింగు. ఆర్.కె. పురం క్వార్టర్ నుంచి మెట్రోలు మారుతూ వెళ్ళేదాన్ని. డివిజన్ కింద పంపులు, జనరేటర్లు, ఒక తనిఖీ పడవ ఉండేవి. గట్లు ఎక్కడ కోసుకుపోతున్నాయో నదిలోంచి చూడాలంటే ఆ పడవే దిక్కు.

ఆ పడవ డీజిల్ ఇంజన్‌కు ఆఫీసువాళ్ళు బడే బాబూ అని పేరు పెట్టారు. అంటే హెడ్ క్లర్కు. పొద్దున ఒక పట్టాన లేవడు, లేచాక దగ్గుతాడు, పొగ వదులుతాడు, పని మొదలుపెట్టేసరికి టీ వేళవుతుంది. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండిని రోడ్డెక్కనివ్వరు. నది రోడ్డు కాదు గనుక మావాడు బతికిపోయాడు.

వాణ్ణి దించేసి కరెంటు మోటారు పెడదామన్న ప్రతిపాదన నాది. అంతకుముందు నేను పంపినవన్నీ ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. ఇదొక్కటే మంజూరై తిరిగొచ్చింది. షరతు ఒకటే. పని పూర్తయ్యాక సర్వేయర్ పెట్టే పరీక్షలో పడవ నెగ్గాలి, లేకపోతే దాన్ని వేలం వేస్తారు. నేను తలపెట్టిన యంత్రం ఒక్కటైనా ఈ లోకంలో తిరగాలని నాకు ఎంత ఆశో చెప్పలేను. పెళ్ళి కుదిరిన పిల్లలా ఉండేదాన్ని ఆ రోజుల్లో.

గొలుసు కప్పీతో బడే బాబూని పైకి లాగి ఒడ్డున కూర్చోబెట్టాం. నీళ్ళలో పంకా తిప్పే పాత ఇరుసుకే కొత్త మోటారు బిగించాం. అది పెద్ద ప్రెషర్ కుక్కరంత ఉంది. పడవ మధ్యలో, అడుగున, ఇంజన్ కూర్చున్న గుంత దాదాపు ఖాళీగా మిగిలిపోయింది. ఇక బ్యాటరీలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది.

మా అసిస్టెంట్ ఇంజినీరు సమ్మయ్యది వరంగల్. ఢిల్లీలో ఇన్నేళ్ళున్నా మాట మారలేదు. “కింద పెడితే నీళ్ళొస్తయి మేడమ్. ఒక్కసారి తడిస్తే ఖతం,” అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఒకప్పుడు నది మా ఆఫీసులోకే వచ్చేసింది. అప్పటినుంచి ఆ డివిజన్‌లో ఏ వస్తువునూ నేల మీద పెట్టరు. ఫైళ్ళు బీరువాల నెత్తిన ఉంటాయి, స్విచ్చులు పొట్టివాళ్ళు కర్రతో నొక్కేంత ఎత్తులో ఉంటాయి. అదే ధోరణిలో బ్యాటరీలను కూడా సీట్ల వెనుక భుజాల ఎత్తున ఇనుప అరల్లో వరసగా పేర్చాం. ఎంత వరదొచ్చినా భయం లేదని మురిసిపోయాం. వరదొస్తే పడవ కూడా నీటితోపాటు పైకి లేస్తుందన్న సంగతి అంతమంది ఇంజినీర్లలో ఒక్కరికీ తట్టలేదు.

పరీక్ష పద్ధతి ఇది. పడవ పక్కన బయటివైపు ఒక తెల్లగీత గీస్తారు. పట్టినంత బరువూ ఎక్కించి, దాన్నంతా ఒక పక్కకు జరుపుతారు. పడవ ఒరుగుతుంది, ఒరగనివ్వాలి. గీత మాత్రం మునగకూడదు. ముందుగా మేమే ఒకసారి చేసి చూసుకుందామని ఇసుక బస్తాలు అడిగాను. అవి వరద నిల్వ, వరద రాకుండా ముట్టుకోవడానికి వీల్లేదని అకౌంట్స్ ఆఫీసర్ గుప్తాజీ అభ్యంతరం చెప్పారు. అలాగైతే స్టాఫే బరువు, మీతో సహా, అన్నాను. ఆయన అంతవరకు ఆ పడవలో కాలు పెట్టలేదు. అయినా సరేనన్నారు. అన్నాక మాట తప్పే మనిషి కాదు గనుక లైఫ్ జాకెట్ మీద టై సర్దుకుని వచ్చారు.

పడవను తాళ్ళతో రేవుకు కట్టేసి అందరం ఎక్కాం. అడుగు పెట్టగానే ఉయ్యాలలా ఊగింది. ఎడమకు జరగమన్నాను. జరిగారు. పడవ ఇంకా ఎక్కువగా జరిగింది. గీత మునిగింది, నీళ్ళు అంచు తాకాయి, టైపిస్టు అమ్మాయిలు కేకలు పెట్టి నవ్వడం మొదలుపెట్టారు. అందరికంటే వెనక నిలబడ్డ గుప్తాజీ కాలు జారి, ఇంకా మూత చేయించని ఇంజన్ గుంతలోకి నిలువునా దిగి చతికిలబడ్డారు.

అంతే, పడవ కొద్దిగా తేరుకుంది. గీత అంచు మళ్ళీ కనబడింది.

ఆయన గుంత అంచులు పట్టుకుని లేవబోయారు. పడవ మళ్ళీ ఒరిగింది. “గుప్తాజీ, లేవకండి,” అన్నాను. ఆయన కూర్చున్నారు. పడవ కూడా కుదుటపడింది. సమ్మయ్యను కూడా దిగి ఆయన పక్కన ఇరుక్కోమన్నాను. గీత మరికాస్త పైకి తేలింది. నా ప్రతిపాదన మునిగేలా ఉందని తెలిసి కూడా కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాను. ఆ నవ్వులోనే విషయం అర్థమైంది. బడే బాబూ ఇన్నాళ్ళూ పడవను నడపడమే కాదు, అడుగున బరువుగా కూర్చుని నిలబెట్టాడు కూడా. వాణ్ణి తీసేసి, బ్యాటరీల బరువంతా మేము పడవ నెత్తికెక్కించాం.

బ్యాటరీలు కిందికి దించాలన్నాను. సమ్మయ్య ముఖం వాడిపోయింది. నీళ్ళ భయం అబద్ధం కాదు కాబట్టి, బ్యాటరీలకు నీరు చొరని పెట్టె చేయించి గుంతలో దించి బిగించాం. పక్కనే ఊట నీరు తోడే చిన్న పంపు పెట్టాం. పైన మూత వేశాం.

సర్వేయర్ వచ్చారు. నౌకాదళంలో చేసి రిటైరైన మనిషి, ముఖాన నవ్వు లేదు. గుప్తాజీ పిలవకుండానే వచ్చి సరిగ్గా గుంత మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. సర్వేయర్ అందరినీ ఎడమకు జరగమన్నారు. గుప్తాజీ కదల్లేదు. తాను లేస్తే పడవ ఏమవుతుందో చూసిన మనిషి. సర్వేయర్ నా వైపు చూశారు. “అబ్ ఉఠూఁ, మేడమ్?” అని గుప్తాజీ మెల్లగా అడిగారు. లేవమన్నాను.

ఆయన లేచి వచ్చి అందరితో కలిశారు. పడవ ఒరిగింది, ఆగింది. గీత నీటికి రెండు వేళ్ళ ఎత్తున నిలిచింది. కుడివైపూ అంతే. తరువాత నది మీదికి తీసుకెళ్ళాం. మోటారుకు చప్పుడే లేదు, ఇసుకతిన్నె మీది కొంగలు మమ్మల్ని చూసి కూడా ఎగరలేదు. ఆఫీసర్ల ఎదుట అలా చేయకూడదని తెలిసినా చప్పట్లు కొట్టాను. సర్వేయర్ సంతకం పెట్టి, ఇంకొక చుట్టు తిప్పమన్నారు.

ఆ ఏడాది చివర నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో సమ్మయ్య లేచి, “మేడమ్ కుర్చీ ఖాళీ అయితాంది. దాంట్ల ఇప్పుడు ఏం బరువు పెట్టాలె?” అని అడిగాడు. గుప్తాజీని కూర్చోబెట్టండి, అనుభవం ఉంది, అన్నాను. పడవ ఇంకా తిరుగుతోందని విన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే. పాత యంత్రాన్ని తీసేముందు అది చేసే పని ఒక్కటే లెక్క వేయకండి. అది ఊరికే కూర్చుని ఏం చేస్తోందో కూడా లెక్క వేయండి.