చెవికోత లేని షేర్లు

ధర్మపురి దగ్గరి ఇండూరులో గొర్రెలు మేపే కొండప్ప పేరు మీద ఒక సిమెంటు కంపెనీ షేర్లున్నాయి. ఆయన అడిగి కొన్నవి కావు. కోడలు వెన్నిల ధర్మపురిలో షేర్ల ఆఫీసులో చేరినప్పుడు కొత్తగా ఖాతా తెరిచి షేర్లు కొనేవాళ్లను తెమ్మన్నారు. ఇంట్లో అప్పటికి ఖాతా లేనివాళ్లు కొండప్ప, ఆయన మనవరాలు. మనవరాలికి పళ్లు కూడా రాలేదు.

ఇప్పుడు మేనేజరు షేర్లు అరువిచ్చేవాళ్లను తెమ్మంటున్నాడు. నెలాఖరులోగా ఒక్కరూ దొరకకపోతే వెన్నిల ఉద్యోగం ఖాయం చేయడు. రసాయనశాస్త్రం చదివిన ఆమెకు ఊళ్లో దొరికిన ఉద్యోగం ఇదొక్కటే. పాప తుమ్మినా ఆమెకు జీతమే గుర్తొస్తుంది.

సాయంత్రం దొడ్డి దగ్గర మామను పట్టుకుంది.

"ధర పడిపోతుందని నమ్మినోడు మన షేర్లు అరువు తీసుకుంటాడు మామా. వెంటనే అమ్మేస్తాడు. ధర తగ్గినాక కొని మనకు తిరిగిస్తాడు. మిగిలింది వాడికి, బాడుగ మనకు."

"ఇంకొకరి గొర్రెను నేను సంతలో అమ్మితే పోలీసోళ్లు వస్తారు. వాడికి మాత్రం మీ ఆఫీసులో కుర్చీ వేస్తారా?"

"కుర్చీ వేసి, కమీషను కూడా తీసుకుంటాం."

"ధర పెరిగితే?"

"ఎంత పెట్టయినా కొని ఇయ్యాల్సిందే."

"పారిపోతే?"

"షేర్ల విలువకంటే ఎక్కువే ముందుగా కట్టించి పెట్టుకుంటారు మామా."

"నా తమ్మునికి పొట్టేలు అరువిచ్చి పోగొట్టుకున్నప్పుడు నువ్వు ఈ ఇంటికి రాకపోతివే," అన్నాడు కొండప్ప. "సరి, మనవే తిరిగొస్తాయా?"

"ఏవైనా ఒకటే. లెక్క సరిపోతే చాలు."

తన గొర్రెలకు చెవి కోసి గుర్తు పెట్టుకునే మనిషికి ఈ మాట రుచించలేదు. దొడ్డిలోని చూడి గొర్రె వైపు తిరిగాడు.

"మధ్యలో ఈనితే?"

డివిడెండు సంగతి అడుగుతున్నాడని వెన్నిలకు ఆలస్యంగా తట్టింది.

"పిల్ల మనదే మామా. అరువు తీసుకున్నోడే దాన్ని మనకు కట్టాల."

ఆ ఒక్క మాట మీద కొండప్ప ఒప్పుకొని, ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు చదివి చెప్పాడు.

గడువుకు షేర్లు తిరిగి వచ్చాయి. బాడుగా పడింది. ధర మాత్రం బాడుగకు పది రెట్లు పడిపోయింది. ఆ రోజు వెన్నిల బస్సు దిగి ఇంటికి మెల్లగా నడిచింది. కొండప్ప ఫోను కళ్లకు దూరంగా పట్టుకొని చూస్తున్నాడు.

"అన్నీ వచ్చినాయి," అన్నాడు. "చిక్కిపోయి వచ్చినాయి."

వెన్నిల చెప్పులు విడిచి గడప మీద కూర్చుంది.

"నీ పని నిలిచిందా?"

"నిలిచింది మామా. కానీ మళ్లీ అడుగుతున్నారు."

"ఇప్పుడే వచ్చినాయి కదమ్మా, మేయనీ," అంటూ కొండప్ప పాపను ఎత్తుకున్నాడు. "ఒళ్లు చేసినాక చూస్తాం."