యూరియా బస్తాకో సేవాపత్రిక

ఆ కాలంలో మా వనపర్తిలో సేవ చేయడం తేలిక, చేసిన సేవను రాయడమే కష్టం అని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. డిగ్రీ అయిపోయి, ఉద్యోగ ప్రకటన ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ, మా చిన్నమామ ఎరువుల దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని పోటీ పరీక్షల పుస్తకాలు తిరగేస్తున్న రోజులవి. (తిరగేయడం అంటే తిరగేయడమే. చదవడం వేరే.) ఆ ఏడాది మామకు ఊళ్లోని సేవాసంఘం అధ్యక్ష పదవి వచ్చింది. పదవి వెంబడే ఒక కోరికా వచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాలు మూడూ ఏడాది చివర ఒకచోట కలిసి, ఉత్తమ సేవా కార్యక్రమానికి ఒక షీల్డు, ఆ సేవను అచ్చేసే సంఘపత్రికల్లో ఉత్తమమైనదానికి ఒక షీల్డు ఇచ్చుకునేవి. ఏటేటా ఆ రెండూ గద్వాల బస్సే ఎక్కేవి. ఈసారి ఎట్లాగైనా వాటిని వనపర్తిలో దింపాలని మామ పంతం. దుకాణంలో పురుగుమందుల డబ్బాలు పక్కకు జరిపించి, అరలో రెండు షీల్డులు పట్టేంత జాగా ముందే ఖాళీ చేయించాడు. రైతులు ఆ ఖాళీ చూసి "ఏం సేటు, స్టాకు లేదా?" అంటే, "వస్తది, వస్తది" అనేవాడు.

పత్రిక బాధ్యత నామీద పడిన తీరు మాత్రం అంత గౌరవంగా లేదు. "అల్లుడా, నువ్వు తెలుగు మంచిగ రాస్తవు గద. ఎట్లనూ ఖాళీగనే ఉన్నవు. పత్రిక నువ్వే చూస్కో" అన్నాడు మామ, పల్లి విత్తనాల బస్తా మీద చెయ్యి ఆనించి. "ఖాళీగనే" అన్న మాట గుచ్చుకుంది గానీ, "సంపాదకుడు" అన్న మాట అంతకంటే తియ్యగా ఉంది. పెళ్లిళ్లలో "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగే బంధువులకు చెప్పుకోవడానికి నాకూ ఒక జవాబు దొరికింది. ఇక పత్రిక సంగతి. నాలుగు పేజీలు, వాటి నిండా ఫొటోలు. బడిపిల్లవాడికి ఇచ్చేది ఒక్క పలక, దాన్ని పట్టుకున్న చేతులు మాత్రం లెక్కకు అందవు. పలక వెనకాల పిల్లవాడు ఉన్నాడన్నది నమ్మకం మీద ఒప్పుకోవాలి. ఫొటో కింద పేర్ల వరుసలో ఎవరి తర్వాత ఎవరు అన్న దాని మీద జరిగిన పంచాయితీలు రాస్తే అదే ఒక ప్రత్యేక సంచిక అవుతుంది. ఇన్ని పోగా నాకంటూ మిగిలేది ఒక చిన్న డబ్బా, ఫొటో పక్కన నాలుగైదు వాక్యాలు పట్టేంత జాగా. నా సాహిత్యమంతా ఆ డబ్బాలోనే కుమ్మరించేవాణ్ణి.

ఆ ఏడు మా సంఘం చేసిన పెద్ద పని గోపాల్‌పేటలో కళ్లద్దాల శిబిరం. కన్ను చూసి, అక్కడికక్కడే దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చారు. నిజంగా మంచి పని, చాలామందికి ఉపయోగపడింది. నేను మాత్రం పత్రిక ముఖచిత్రానికి పనికొచ్చే ముఖం కోసం వెతుకుతూ తిరిగాను. ఒక అవ్వ కనిపించింది. ముడతల ముఖం, వెండి కడియాలు, మొక్కజొన్న పీచులాంటి జుట్టు. "అవ్వా, కొంగు జర నెత్తిమీద కప్పుకో" అన్నాను. కప్పుకుంది. ఫొటో తీసుకున్నాను. పేరు అడిగాను, ఊరు అడిగాను. ఇంకేమీ అడగలేదు, చదువు వచ్చా అని కూడా. మిగతాది కల్పనాశక్తి చూసుకుంటుందని నా ధీమా. అదే రాత్రి డబ్బాలో ఇలా రాశాను: "చీకటిలో మగ్గుతున్న ఈ నిరుపేద, దిక్కులేని వృద్ధురాలు, కన్నబిడ్డల నిరాదరణకు గురై, మా సంఘం పంచిన వెలుగుతో తొలిసారి లోకాన్ని చూసి బోరున విలపించింది." రాసి, నేనే రెండుసార్లు చదువుకుంటే నా కళ్లే చెమర్చాయి. మామకు చదివి వినిపిస్తే, "అబ్బ! షీల్డు వచ్చినట్టే రా" అని చాయ్ తెప్పించాడు.

ఇక్కడ మామ వ్యాపార బుద్ధి గురించి చెప్పాలి. పత్రిక ఎంతమందికి చేరింది అన్నదానికి కూడా పోటీలో మార్కులుండేవి. మిగతా సంఘాలు సభ్యులకే పంచి ఊరుకునేవి. (సభ్యులు తమ ఫొటో చూసుకుని, మిగతా పేజీల్లో మిరపకాయ బజ్జీలు పెట్టుకునేవారు.) మామ అట్లా కాదు. "యూరియా బస్తాకు ఒక పత్రిక" అని పద్ధతి పెట్టాడు. వానలు పడి యూరియాకు ఎగబడుతున్న సమయం. బస్తా ఎత్తుకున్న ప్రతి రైతు చంకలో మా పత్రిక. శ్రీరంగాపూర్ దాకా, పెబ్బేరు దాకా, అన్నిటికంటే ఎక్కువగా గోపాల్‌పేటకు చేరింది. ఏ పత్రికకైనా ఇంతకంటే ఏం కావాలి అని నేను మీసం మెలేశాను. (అప్పటికి మెలేసేంత మీసం లేదు, అది వేరే సంగతి.)

పోటీకి నిర్ణేతలు రావడం ఒక ఆనవాయితీ. ఒక సంఘం పనిని మిగతా రెండు సంఘాల వాళ్లు వచ్చి చూడాలి. మా వంతు వచ్చిన రోజు గద్వాల నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు, నాగర్‌కర్నూల్ నుంచి ఒక కంటి డాక్టరమ్మ వచ్చారు. హెడ్మాస్టరు గారిది పోటీ సంఘమే కాబట్టి, కూర్చున్న కుర్చీని కూడా అనుమానంగానే చూశారు. మామ ఆయన ముందు పత్రిక పరిచి, "సార్, ఇగ జూడుండ్రి, ఊరూరా చదువుతుండ్రు" అని చెబుతుండగా, దుకాణం ముందు ఆటో ఆగింది. అందులోంచి కొంగు నడుముకు బిగించి అవ్వ దిగింది. ముక్కు మీద మేమిచ్చిన అద్దాలు. చేతిలో నేను రాసిన పత్రిక.

"ఏం సేటు, ఎవడు రాసిండు ఇది?"

మామ గబగబా ఒక కుర్చీ ముందుకు జరిపాడు. "అవ్వా, జర కూసో, నీళ్లు తాగుతవా..." అన్నాడు.

"నీళ్లు నా ఇంట్లున్నయి. ఎవడు రాసిండు చెప్పు ముందుగాల."

మామ నావైపు చూశాడు. ఆ చూపు చాలు ఆమెకు. నేను బస్తాల వెనక్కి జరిగాను గానీ, యూరియా అమ్ముడుపోయి అక్కడ చాటు కూడా మిగల్లేదు.

అవ్వ అందరి ముందూ పత్రిక విప్పి, వేలు పెట్టి, ఒక్కో మాటా చదవడం మొదలుపెట్టింది. "దిక్కులేని... దిక్కులేనిదాన్నారా నేను? నలుగురు కొడుకులను కన్న. నిరుపేద... మా చేన్ల పండిన పల్లీలు ఈ సేటుకు ఎన్నేండ్ల సంది అమ్ముతున్నమో అడుగు. తొలిసారి లోకాన్ని చూసి... మరి ఇన్నేండ్లు కలుపు తీసింది ఎవరు, మీ అవ్వనా? బోరున... ఎప్పుడు ఏడ్చిన్రా నేను? 'అద్దాలు పెట్టుకునే డబ్బి ఏదీ' అని అడిగిన. గంతే!"

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అవ్వ గొంతు అక్కడితో మారింది.

"మా పెద్దోడు రోజు పొద్దుగాల నాకు చాయ్ పోసినంకనే చేనికి పోతడు. ఇప్పుడు ఊర్ల హోటల్‌కి పోతలేడు. పోతే, 'ఏం పటేలా, అవ్వకు బువ్వ పెడ్తలేవంట గద, పత్రికల వచ్చింది' అని అంటుండ్రు. బస్తా తెచ్చిన ప్రతోని ఇంట్ల ఉంది ఈ కాగితం. నా కొడుకు మొకం ఎత్తుకొని తిరుగుతలేడు. ఇజ్జత్ తీసినవ్ బిడ్డా. నీకు అవ్వ లేదా ఇంట్ల?"

ఉంది. పొద్దున్నే మా అమ్మ నా చొక్కాకు గుండీ కుట్టి పంపింది. నాకు ఏడుపు వచ్చింది, బోరున కాదు గానీ వచ్చింది. "తప్పయింది అవ్వా" అన్నాను. ఆ మాట ఏ సంచికలోనూ రాయలేదు, నోటితోనే అన్నాను.

"నాకు చెప్తే ఏమైతది? ఏడ అచ్చు వేసినవో ఆడనే చెప్పు" అంది అవ్వ, ఎట్టకేలకు కుర్చీలో కూర్చుని.

అంతలో డాక్టరమ్మ లేచి, అరలోంచి ఒక పురుగుమందు డబ్బా తీసి అవ్వకు ఇచ్చింది. "అవ్వా, గీ చిన్నక్షరాలు కూడ కనవడుతున్నయా?" అవ్వ డబ్బాను దగ్గరికి జరుపుకుని చూసి, "పిల్లలకు అందకుండ దూరం పెట్టవలెను" అని గడగడా చదివి, "ఈ పోరనికి కూడ కలం అందకుండ పెట్టవలెను" అని తనే కలిపింది. హెడ్మాస్టరు గారు అప్పటిదాకా బిగించుకున్న ముఖం సడలించి నవ్వేశారు. పోతూ పోతూ మామతో, "మీ పత్రికను చదివి, ఆటో ఎక్కి వచ్చి తిట్టేవాళ్లున్నరు. మా పత్రికను మా సెక్రెటరీ కూడ చదవడు" అని అన్నారు. అది మెప్పో ఎత్తిపొడుపో మామకు చాలాకాలం తేలలేదు.

తర్వాతి సంచిక మొదటి పేజీలో ఏ సభ్యుడి ఫొటో లేకుండా, అవ్వ చెప్పింది చెప్పినట్టు వేశాను. "నాకు నలుగురు కొడుకులు. పెద్దోడు నన్ను మంచిగ అర్సుకుంటడు. దగ్గరివి కనవడక అద్దాలు తీసుకున్న. మంచిగ కనవడుతున్నయి. నేను ఏడ్వలేదు." ఫొటోలు పోయినందుకు సభ్యులు అలిగారు. మామ మొదటిసారి ఎవరినీ బుజ్జగించలేదు. ఆ సంచికా యూరియా బస్తాల వెంట ఊరూరా వెళ్లింది. కొద్దిరోజులకు అవ్వ పెద్దకొడుకే ఎరువుకు వచ్చాడు. నావైపు చూడకుండానే, "ఇంకో రెండు కాగితాలియ్యి. హోటల్‌ల గోడకు అతికిస్త" అన్నాడు. గోందు డబ్బా కూడా ఇచ్చి పంపాను.

షీల్డుల సంగతి అడుగుతారేమో. అద్దాల శిబిరానికి ఉత్తమ కార్యక్రమం షీల్డు వనపర్తికే వచ్చింది. అద్దాలు పనిచేస్తున్నాయనడానికి అవ్వ చదువుకుని వచ్చి తిట్టడం కంటే గట్టి సాక్ష్యం ఎక్కడా చూడలేదని డాక్టరమ్మ వేదిక మీద చెప్పిందట. పత్రిక షీల్డు మామూలుగానే గద్వాల బస్సెక్కింది. మామ అరలో ఒక జాగాలో షీల్డు పెట్టుకుని, రెండో జాగాలో పురుగుమందు డబ్బాలు మళ్లీ సర్దించాడు. విత్తనాలకు వచ్చినప్పుడల్లా అవ్వ ఆ షీల్డు మీది అక్షరాలు పైకి చదివి, "నా కండ్లతోని వచ్చింది ఇది" అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పి పోయేది.

అవ్వ పోయి చాలా కాలమైంది. నేను ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏడాది చివర సంఘాల పత్రికలకు మార్కులు వేయమని నన్నే పిలుస్తున్నారు. ఇప్పుడవి ఫోనులో వస్తాయి, రంగులు పెరిగాయి, పలక పట్టుకున్న చేతులు మాత్రం తగ్గలేదు. మొన్న ఒకదాంట్లో, ఏ కుర్రవాడు రాశాడో గానీ, "చీకటిలో మగ్గుతున్న" అని మొదలైంది ఒక వాక్యం. నాకు ఈ మధ్యే వచ్చిన దగ్గరి చూపు అద్దాలు సర్దుకుని దాన్ని చివరిదాకా చదివాను. "ఎవడు రాసిండు ఇది?" అని అవ్వ గొంతు వినబడింది. నాకు తెలుసు అవ్వా వాడెవడో. ఎరువుల దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని, రాసింది రెండోసారి చదువుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. మార్కులు వేయడం ఆపి, ఆ పత్రిక కింద ఉన్న నంబరుకు ఫోను చేశాను. "బాబూ, ఆ ఫొటోలో ఉన్నామెకు ఇది చదివి వినిపించావా?" అని అడిగాను.