చిల్లుల ముల్లంగి ఆకు

అక్క ఉండే సచిన్ ఊరికి వెళ్లే బస్సులో నా ఒళ్లో ముల్లంగి ఆకు కట్ట ఉంది. డాబా మీద నేను పెంచిందే. చెయ్యి పెట్టబోతే గంతేసి పారిపోయే నల్ల పెంకుపురుగులు ఆకుల నిండా సన్నటి చిల్లులు పెట్టాయి. అక్కకని తెచ్చాను గానీ, ఇవ్వడానికి సిగ్గేసి, దిగగానే పారేద్దామనుకున్నాను.

పక్కన కూర్చున్న ఎవరో పెద్దావిడ అడక్కుండానే ఒక ఆకు తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. మగ్గాల ఇళ్లలో మేమంతా నేసిన బట్టలో చిల్లులు చూసేది అలాగే.

"బట్టయితే సేటు వాపస్ పంపుతడు బిడ్డా. గిదైతే పప్పుల ఉడికినంక చిల్లేది, ఆకేది? నాకు జరంత ఇయ్యి."

సగం కట్ట ఇచ్చాను.

డాబా మీద ఇప్పటికీ బూడిద చల్లుతూనే ఉన్నాను, పురుగులు గంతులేస్తూనే ఉన్నాయి. ఆ రోజు మాత్రం అక్క వడ్డించిన పప్పులో చిల్లుల కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు.